లేబుల్ లేని సీసం

"ఎక్కడ దొరికింది?" అని అడిగిందావిడ, ఆ చిన్న సీసం ముక్క ఇంకా నా చేతిలో ఉండగానే.

నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను. దొరికిందైతే మా షెడ్డులో, ఐస్‌క్రీమ్ డబ్బా అడుగున. దానికి ముందు ఏ పొలంలో దొరికిందంటే చెప్పలేను. మూడు పొలాల్లో ఏదో ఒకటి. ఏ మూల, ఏ గట్టు పక్కన, ఎంత లోతున అంటే ఇక సరేసరి.

నా వృత్తి చెబితే సిగ్గు రెట్టింపవుతుంది. నేను ఆసుపత్రిలో ఫార్మసిస్టుని. లేబుల్ ఊడిపోయిన సీసా మా కౌంటరు మీదికొస్తే, లోపల ఉన్నది అమృతమైనా సరే, పారబోయాల్సిందే. మందు పేరు, మోతాదు, తేదీ, రోగి పేరు, ఈ నాలుగూ లేకుండా ఒక్క మాత్ర కూడా నా చేతి మీదుగా బయటికి పోదు. అలాంటివాణ్ణి, రెండేళ్ళపాటు ఇంగ్లండు పొలాల్లో తవ్వి తీసిన సీసం ముక్కలన్నిటినీ ఒకే డబ్బాలో గుమ్మరించి మూత పెట్టాను.

ఈ పిచ్చి అంటించింది మా వీధి చివరింటి పెద్దాయన. లారీ డ్రైవరుగా రిటైరయ్యాడు. మేముండేది నార్తాంప్టన్‌షైర్‌లో. గోధుమ కోతలయ్యాక, కొయ్యకాళ్ళు ఇంకా నిలబడి ఉండగానే, రైతు దగ్గర అనుమతి తీసుకుని మెటల్ డిటెక్టరు భుజాన వేసుకుని బయల్దేరేవాడు. ఒక ఆదివారం నన్నూ రమ్మన్నాడు. అంతే, తర్వాత ఆదివారాలన్నీ అక్కడే. ఇండియా నుంచి మామయ్య వారంవారం ఫోను: "ఏరా, లంకెబిందెలేవన్నా తగిలాయా?" తగిలినవి బీరు డబ్బాల రింగులు, వేట తుపాకి తూటాల ఇత్తడి అడుగులు, ట్రాక్టరు నట్లు, కోటు గుండీలు. సీసం ముక్కలకు లెక్కే లేదు. డబ్బా నిండితే పాత సామాన్లవాడికి తూకానికి వేసేద్దామనుకున్నాం. వేశాం కూడా, ఒకసారి.

రెండో డబ్బా సర్దుతుంటే ఇది బయటపడింది. బొటనవేలి చివరంత ఉంది. దర్జీ వేలికి పెట్టుకునే తొడుగులా లోపల బోలు. అటూ ఇటూ రెండు చెవులు, చెవికో బెజ్జం. పైన విభూతి రాసినట్టు తెల్లటి పొర. సీసం మట్టిలో ఏళ్ళతరబడి ఉంటే అలా పూత పడుతుంది (ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి, ఫార్మసిస్టు మాట వినండి). ఏదో పాత సిరా బుడ్డి మూత అనుకున్నాను. బుడ్డి మూత వరకూ నిజమే. బుడ్డిలో ఉన్నది మాత్రం మందు.

ఏ మందు అనకండి. మన భాషలో ఒకటే మాట. నేనిచ్చేదీ మందే, సాయంత్రం కొందరు పుచ్చుకునేదీ మందే, తుపాకిలో కూరేదీ మందే. ఇది ఆ మూడోది. పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ అని ఇక్కడ ఒక ఏర్పాటుంది. మామూలు జనానికి దొరికిన పాత వస్తువులను చూసి, కొలిచి, ఫొటో తీసి, జాబితాలో ఎక్కిస్తారు. 1997లో మొదలైంది, ఇప్పటికి 15 లక్షలకు పైగా వస్తువులు ఎక్కాయి. ప్రతి ప్రాంతానికీ ఒక అధికారి ఉంటారు. నన్ను ఆ ప్రశ్న అడిగిన ఆవిడ ఆ అధికారే. మూతని ఒక్కసారి తిప్పి చూసి, "పౌడర్ బాక్స్ క్యాప్, అంతర్యుద్ధం కాలంది" అనేసింది. గుర్తుపట్టడానికి అర నిమిషం పట్టలేదు. మిగిలిన అరగంటా "ఎక్కడ" అన్న దాని చుట్టూనే తిరిగాం.

ఆ అంతర్యుద్ధం రాజు ఒకటో చార్లెస్‌కీ (1649లో ఆయన తల తీశాక ఆయన కొడుక్కీ) పార్లమెంటుకీ మధ్య 1642 నుంచి 1651 దాకా విడతలుగా సాగింది. అప్పటి కాల్బలంలో ఎక్కువమంది చేతిలో ఉన్నది వత్తి తుపాకి. మందూ గుండూ రెండూ గొట్టం మూతి నుంచే కూరాలి. మన పేపర్లలో ఇప్పటికీ "ఎస్‌బీఎంఎల్ తుపాకి స్వాధీనం" అని వస్తుంటుంది కదా, అందులో చివరి రెండక్షరాలూ ఈ పద్ధతి పేరే: మజిల్ లోడింగ్. యుద్ధం మధ్యలో నిలబడి మందు కొలిచి పోసుకునే తీరిక ఎవడికుంటుంది? అందుకని ముందుగానే కొలిచి, ఒక్కో దెబ్బకు సరిపడా మందు ఒక్కో చిన్న బుడ్డిలో నింపి, పన్నెండో అంతకు అటూఇటుగానో బుడ్లను తోలు పట్టీకి వేలాడదీసి, జంధ్యంలా భుజం మీదుగా వేసుకునేవారు. దాని పేరు బ్యాండోలియర్. తర్వాతి కాలంలో "పన్నెండుమంది అపొస్తలులు" అని ముద్దుపేరు పెట్టారు.

నాకు వెంటనే తోచింది మా డిస్పెన్సరీయే. ఒక్కో మోతాదు ఒక్కో పొట్లం, మేం రోజూ చేసేదదే. గాబరాలో ఉన్నవాడి చేతికి కొలతపాత్ర ఇవ్వకూడదు, కొలిచి ఉంచిన మోతాదు ఇవ్వాలి. తుపాకి కూడా ఎక్కువ మోతాదుకి పగులుతుంది, తక్కువ మోతాదుకి పనిచెయ్యదు.

మరి మూతకు చెవులెందుకంటే, బుడ్డిని వేలాడదీసే తాడు ఆ బెజ్జాల్లోంచి పోతుంది. మూత లాగితే తాడు వెంట పైకి జారుతుందే తప్ప చేతిలోంచి జారి గడ్డిలో పడదు. బ్యాంకులో పెన్నుకు దారం కట్టినట్టన్నమాట. బుడ్డి మందు గొట్టంలో పోసి, గుండు వేసి, చువ్వతో దట్టించి, పక్కనున్న గిన్నెలో రంజకం (వత్తి నిప్పును ముందుగా అందుకునే మందు) పోసి, రాజుకుంటున్న వత్తిని ఊది, బిగించి, అప్పుడు మీట నొక్కాలి. 1607లో డచ్ చిత్రకారుడు జాకబ్ డి ఘైన్ ఈ పనినంతటినీ నలభైకి పైగా భంగిమల బొమ్మల్లో గీసి చూపించాడు. గుండ్లు కొన్ని నోట్లో పెట్టుకునేవారట, చేతికి అందుబాటులో ఉంటాయని. చేతిలో వెలుగుతున్న వత్తి, ఒంటినిండా మందు బుడ్లు! ఆ యుద్ధాల్లో ఐర్లండులో పోరాడిన ఆరరీ ప్రభువు రోజర్ బాయిల్ 1677లో ఈ పట్టీల మీద పెద్ద ఫిర్యాదే రాశాడు. ఒక బుడ్డి అంటుకుంటే వేసుకున్నవాడికే చావో గాయమో అనీ, రాత్రిపూట దాడికి పోతుంటే గలగలమని చప్పుడు చేసి గుట్టు బయటపెడతాయనీ. కాగితంలో చుట్టిన తూటాలే మేలన్నాడు. చివరికి జరిగిందీ అదే.

ఆ మందులోకి సురేకారం కావాలి, మూడు వంతులు అదే. చార్లెస్ కాలంలో సురేకారం తవ్వేవాళ్ళు రాజుగారి పత్రం చూపించి జనం పావురాల గూళ్ళూ గుర్రపుసాలలూ తవ్విపోసేవారు, పెంటతో నానిన మట్టి కోసం. ఊళ్ళకు ఊళ్ళే వాళ్ళంటే మండిపడేవి. యజమాని ఒప్పుకోకుండా తవ్వకూడదని 1656లో చట్టం చేయాల్సివచ్చింది. మరోవైపు ఈస్టిండియా కంపెనీ మన దేశం నుంచి సురేకారం ఓడల్లో తెప్పించుకుంటూ, 1626లో సరీ జిల్లా చిల్‌వర్త్‌లో సొంతంగా మందు మర పెట్టుకుంది. ఈ మూత మూసిన బుడ్డిలో మన మట్టి కూడా చిటికెడు ఉండేదేమో అనుకోవడం బావుంటుంది. ఊహే, ఋజువేం లేదు.

ఇక అసలు విషయానికొస్తాను. ఈ పొలాల్లో సీసం గుండ్లు బోలెడు దొరుకుతాయి. గుండు పేల్చినచోటు నుంచి ఎగిరి ఎక్కడికో పోయి పడుతుంది, కాబట్టి అది చెప్పేది దాని ప్రయాణం చివర. మూత ఎగరదు. తాడు తెగినప్పుడు, బుడ్డి చితికినప్పుడు మనిషి కాళ్ళ దగ్గరే పడుతుంది. అంటే ఆ మూత పడినచోట ఒక మనిషి నిలబడ్డాడన్నమాట. ఒక్క మూతతో ఏమీ తేలదు. నడుస్తుంటే పడిందేమో, కవాతులో పడిందేమో, పారిపోతుంటే పడిందేమో. కానీ ఒకే వరసలో ఏడెనిమిది పడి ఉంటే, వాటికి కొంత దూరంలో గుండ్లు పరుచుకుని ఉంటే, మూడున్నర శతాబ్దాల కిందటి ఒక బారు మళ్ళీ లేచి నిలబడుతుంది. మూతలకున్న విలువంతా ఒకదానికొకటి ఎంత దూరంలో పడ్డాయన్న దాంట్లో ఉంది. నా డబ్బాలో సీసం ముక్కలన్నీ ఒకదానికొకటి అంగుళం దూరంలో ఉన్నాయి.

నేను తిరిగిన మూడు పొలాల్లో ఒకటి నేజ్‌బీకి మూడు మైళ్ళ లోపే. 1645 జూన్ 14న రాజు సేన అక్కడే విరిగిపోయింది. బతికినవాళ్ళు ఉత్తరంగా లెస్టర్ వైపు పరుగెత్తారు. పాత పటాల్లో యుద్ధాన్ని ఒక లోయకు అటూ ఇటూ రెండు చక్కటి వరసలుగా గీసి ఊరుకునేవారు. స్థానికంగా డిటెక్టర్లు పట్టుకు తిరిగిన కొందరు తమకు దొరికిన ప్రతి గుండునూ పటం మీద చుక్క పెట్టి ఉంచడం వల్లే, వెనక్కి తగ్గుతూ కూడా రాజు మనుషులు పోరాడుతూనే పోయారని, యుద్ధం ఆ లోయ దాటి ఉత్తరానికి సాగిందని తేలింది. వాళ్ళూ నాలాంటి ఆదివారం మనుషులే. తేడా ఒక్క పెన్సిలు.

అమెరికాలో, అక్కడి మూలవాసులు ప్రభుత్వ సైన్యాన్ని ఓడించిన లిటిల్ బిగ్‌హార్న్ దగ్గరా అంతే. 1983లో గడ్డి తగలబడి నేల బయటపడ్డాక, మరుసటేడు పురావస్తువాళ్ళు స్వచ్ఛంద డిటెక్టరువాళ్ళను వరసగా నడిపించి, ప్రతి తూటా తొడుగుకూ ఒక జెండా పాతించారు. అప్పటికి నూరేళ్ళుగా కథలుగా చెప్పుకుంటున్న యుద్ధంలో ఏ తుపాకి ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలిందో ఆ జెండాలు చెప్పాయి.

ఇలా చెబితే మా పెద్దాయన నవ్వుతాడు. ఆయన వాదన కొట్టిపారేసేది కాదు. మేం తవ్వేది జానెడు లోతు, అది దున్నిన మట్టే. ఏటా ట్రాక్టరు దాన్ని తిరగేస్తూనే ఉంటుంది. పైగా ఎరువులు. "మనం తియ్యకపోతే ఇంకో యాభై ఏళ్ళకి పొడైపోతుంది, అప్పుడు నీ పటంలో చుక్క ఎక్కడ పెడతావ్?" అంటాడు. తియ్యడం గురించి నాకు పేచీ లేదు. దుక్కిలో ఉన్న వస్తువు కొన్ని అడుగులు అటూ ఇటూ జరుగుతుందేమో గానీ, పక్క ఊరికి పోదు. నాగలి దాన్ని గజం జరిపితే నేను ఇరవై మైళ్ళు జరిపాను, నా ఐస్‌క్రీమ్ డబ్బాలోకి. ఎక్కువ చెడగొట్టిందెవరు?

అవతలి పక్షం డిటెక్టర్లనే నిషేధించమంటుంది. నేను ఆ జట్టులోనూ చేరను. నేజ్‌బీ పటం చేసింది డిటెక్టర్లే. జీతాలిచ్చి ఇన్ని వేల ఎకరాలు నడిపించే పురావస్తు శాఖ ఏ దేశంలో ఉంది? నిషేధిస్తే పగటిపూట వచ్చేవాళ్ళు మానేస్తారు, రాత్రిపూట వచ్చేవాళ్ళు ఎలాగూ వస్తారు. ఇక్కడ రాత్రి దొంగలకు "నైట్‌హాక్స్" అని పేరు కూడా ఉంది.

నా కోపం చట్టం త్రాసు మీద. ఇక్కడి 1996 ట్రెజర్ చట్టం ముఖ్యంగా చూసేది బంగారం, వెండి. 300 ఏళ్ళు దాటిన వస్తువులో పదో వంతు బంగారమో వెండో ఉంటే చాలు, పధ్నాలుగు రోజుల్లో కరోనర్‌కి చెప్పాలి. శవాల మీద విచారణ చేసే అధికారే నిధుల మీదా విచారణ చేస్తాడు, ఇంగ్లీషువాళ్ళ వింతల్లో అదొకటి. మ్యూజియం కావాలంటే వెల కట్టి, దొరికినవాడికీ భూస్వామికీ పంచుతారు. 2023లో, లోహం ఏదైనా సరే, 200 ఏళ్ళు దాటి అసాధారణమైన ప్రాముఖ్యం ఉంటే నిధిగా లెక్కించేలా మార్చారు. మంచిదే. కానీ సీసం మూత అసాధారణం ఎలా అవుతుంది? అది ఎంత సాధారణమైతే అంత ఉపయోగం. మామూలు సైనికుడి మామూలు మూత, పదుల కొద్దీ. రక్షిత కట్టడాల స్థలాల్లో లైసెన్సు లేకుండా డిటెక్టరు వాడితే 1979 చట్టం కింద నేరం. యుద్ధభూముల రిజిస్టరు మాత్రం వేరు. అందులో పేరెక్కినంత మాత్రాన పొలంలో డిటెక్టరుకు అడ్డు లేదు. అలాంటి పొలంలో నేను ఒక ఉంగరం తీస్తే ప్రభుత్వం కదులుతుంది, యాభై మూతలు తీసి కరిగించుకుంటే ఎవరూ అడగరు. యుద్ధం గురించి ఉంగరం చెప్పేదేముంది, ఎవడి వేలిదో?

మన చట్టమూ ఈ విషయంలో పెద్ద భిన్నమేం కాదు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం భూమిలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయమంది. హద్దు వెలతో పెట్టింది. అందుకే మనవాళ్ళ బుర్రలో తవ్వకమంటే లంకెబిందెలు, గుప్తనిధులు. నిమ్మకాయలు, పసుపు కుంకుమలు పెట్టి, గుడి వెనక అర్ధరాత్రి తవ్వకాలు, నంది కడుపులో వజ్రాలున్నాయని పగలగొట్టడాలు. వాళ్ళు కూడా ఇప్పుడు డిటెక్టర్లు కొంటున్నారు. మామయ్య అడిగే ప్రశ్నకూ చట్టం అడిగే ప్రశ్నకూ నాకు పెద్ద తేడా కనిపించదు: "ఎంత ఖరీదు చేస్తుంది?"

నా ప్రతిపాదన చిన్నది. పొలంలోకి రానిచ్చే రైతే షరతు పెట్టాలి. ఏ లోహమైనా, ఏ చెత్తయినా, పాతది అనిపిస్తే చోటు రాసి తీరాలి, లేకపోతే రేపటి నుంచి గేటు తియ్యను అని. ఫోను చేతిలోనే ఉంది, ఇంగ్లండు పటాల మీది గడుల లెక్కలో (గ్రిడ్ అంటారు) ఎనిమిది అంకెలు రాస్తే పది మీటర్ల చదరంలో చోటు దొరికిపోతుంది. నాలుగంకెలే రాస్తే కిలోమీటరు చదరం, దానితో యుద్ధాన్ని గీయలేం. దొంగలకు దారి చూపించినట్టవుతుందని భయపడేవారుంటారు. ఆ భయం నిజమే, అందుకే స్కీమువాళ్ళు కచ్చితమైన చోటును జనానికి చూపించరు, పరిశోధకులకు మాత్రమే ఇస్తారు.

అన్నీ రాసినా డిటెక్టరు చెప్పే కథ ఒంటికంటి కథే అనుకోండి. ఈ మధ్యే తెలుసుకున్న సంగతి: 1645-46లో పార్లమెంటు కొత్త సైన్యానికి ఇచ్చిన ఆర్డర్లలో బుడ్లు చెక్కవి, మూతలూ చెక్కవే, నీలం రంగు వేసి, నీలం తెలుపు తాళ్ళు కట్టాలని ఉంది. చెక్క కుళ్ళిపోయింది. సీసం మిగిలింది. అంటే పొలంలో సీసం మూతలు లేనిచోట మనుషులు లేరనుకుంటే పొరపాటు. చెక్క మూతలవాళ్ళు ఉండి ఉండొచ్చు. పైగా మేకుల గోల భరించలేక నాలాంటివాళ్ళం ఇనుముకు మోగకుండా మిషను సర్దుకుంటాం. ఇనుపవన్నీ అలా మా కాళ్ళ కిందే ఉండిపోతాయి. లేబులులో ఇది కూడా రాయాలి: ఏం వినలేదో.

ఇదంతా రాస్తుంటే మా వైపు పొలాలు గుర్తొస్తున్నాయి. చిన్నప్పుడు కాకినాడ నుంచి అన్నవరం వెళ్ళే బస్సు గొల్లప్రోలు మీదుగా పోయేది. ఆ మండలంలోనే చందుర్తి. బొబ్బిలి యుద్ధం మనందరికీ తెలుసు. అది జరిగి రెండేళ్ళు తిరక్కుండానే, 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్‌నూ ఇంగ్లీషు సేనాని ఫోర్డ్‌నూ ఉత్తర సర్కారుల తలరాత ఎదురెదురుగా నిలబెట్టింది. విజయనగరం ఆనంద గజపతి ఇంగ్లీషు వైపు. ఎత్తుగా పెరిగిన చేను ఫోర్డ్ తెల్ల పటాలాన్ని కప్పేసింది. ఎర్రకోట్లు వేసుకున్న సిపాయిలను చూసి ఫ్రెంచివాళ్ళు అసలు పటాలం అదేననుకుని వాళ్ళ మీదికి పోయి, పక్కనుంచి దెబ్బతిన్నారు. మరుసటి ఏప్రిల్‌కి మచిలీపట్నం పోయింది, తర్వాత కోస్తా అంతా పోయింది. ఆ సిపాయిల్లో మనవాళ్ళుంటారు. ఎర్రకోటు వేయించి ఎరగా నిలబెట్టిన మనుషులు. వాళ్ళు సరిగ్గా ఎక్కడ నిలబడ్డారో ఆఫీసర్ల రాతల్లో దొరకదు, ఆ మట్టిలోని సీసంలో దొరకొచ్చు. అప్పటికి చెకుముకి తుపాకులు, కాగితం తూటాలు, కాబట్టి ఇలాంటి మూతలుండవు. గుండ్లుంటాయి, చెకుముకి రాయికి చుట్టే సీసం రేకులుంటాయి.

కిందటేడు ఇంటికి వెళ్తుంటే డిటెక్టరు సూట్‌కేసులో పెట్టుకుంటానని మా ఆవిడతో అన్నాను. "అక్కడ కూడా ఐస్‌క్రీమ్ డబ్బా కొంటారా?" అంది. పెట్టుకోలేదు.

అధికారి చివరికి నా మూతను జాబితాలో ఎక్కించింది. చోటు దగ్గర జిల్లా పేరు మాత్రం. నేను దాన్ని జిప్ కవర్లో వేసి, ఆసుపత్రిలో వాడే రకం స్టిక్కరు అంటించి, వస్తువు, లోహం, బరువు, గుర్తించిన తేదీ రాశాను. చోటు గడి కోసం పెద్దాయనను అడిగాను. చెరువు పక్క పొలంలో, కచ్చితంగా, అన్నాడు. వారం తర్వాత మళ్ళీ అడిగితే, కాదు కాదు, చర్చి వెనకది, ఆ రోజు వాన పడింది గుర్తులేదా అన్నాడు. మొన్న టీ తాగుతూ మరోసారి అడిగాను. కాసేపు కప్పులోకి చూసి, ఇప్పటిదాకా చెప్పని మూడో పొలం పేరు చెప్పాడు.